జాతర మరుసటి రోజు తూకం ఎందుకు అబద్ధం చెబుతుంది?

మే నెలలో తిరుపతి మీద రెండు పండగలు ఒకేసారి పడతాయి. ఒకటి తాతయ్యగుంట గంగమ్మ జాతర. రెండోది మామిడి కాలం. వేషాలు చూడ్డానికి చుట్టాలు దిగుతారు. పొంగలి, అంబలి, మాంసం పులుసు, రాగి సంగటి, ఓళిగలు (బొబ్బట్లు) వరసగా పొయ్యెక్కుతాయి. ఆ హడావుడి సద్దుమణిగేలోగా బంగినపల్లి బుట్ట గుమ్మంలోకి వస్తుంది. చిత్తూరు పల్లెల్లో జనవరిలో పశువుల పండగకీ ఇదే తంతు.

మరుసటి రోజు పొద్దున ఎవరో ఒకరు తూకం యంత్రం ఎక్కుతారు. రెండు కిలోలు పెరిగి ఉంటుంది. ఇక ఇంట్లో పంచాయితీ మొదలు. "ఈ రోజంతా లంఖణం" అని పెద్దవాళ్లు, "ఒక్కరోజుకి ఏమవుతుందిలే" అని ఇంకొకరు, ఫోన్లో చూసిన డిటాక్స్ రసం గురించి పిల్లలు. మొదటి రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ అందరూ సాక్ష్యంగా చూపించే ఆ తూకమే నమ్మదగ్గది కాదు.

"ఎక్కువ తిన్నాను" అంటే మూడు అర్థాలు

ఈ ఒక్క మాటతో మనం మూడు వేరువేరు సంగతులు చెబుతుంటాం. ఒంటికి కావలసిన శక్తి కన్నా ఎక్కువ తినడం ఒకటి. పొట్ట పట్టనంత తినడం ఇంకొకటి. ఆపుకోలేక, వద్దనుకుంటూనే తినడం మూడోది. కిలోన్నర పుచ్చకాయ ముక్కలు తింటే పొట్ట బిగుస్తుంది, కానీ అందులో ఉండేది 450 కేలరీలే. నెయ్యి రాసిన నాలుగు ఓళిగలకు పొట్టలో చోటు పెద్దగా అక్కర్లేదు, కేలరీలు మాత్రం వెయ్యికి దగ్గర. కాబట్టి భుక్తాయాసానికీ ఒళ్లు పెరగడానికీ లంకె వేసి చూడకూడదు.

ఏది ఎక్కువో తెలియాలంటే ఏది సరిపోతుందో ముందు తెలియాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల నమూనా పళ్లెం ఉంది. అందులో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. నూనె, నెయ్యి రెండూ కలిపి 27 గ్రాములే, అంటే ఆరు చిన్న చెంచాలు. ధాన్యం, పప్పు వండకముందు తూచినవి. చాలామంది పొరపడేది ఇక్కడే: 250 గ్రాముల బియ్యం అన్నమైతే ముప్పావు కిలో దాకా అవుతుంది. మన ఇళ్లలో గీత దాటేది ఎక్కువగా నూనె దగ్గర, తక్కువయ్యేది కూరగాయల దగ్గర.

ఒక జాతర రోజు లెక్క

రోజుకు 2,000 కేలరీలు సరిపోయే నలభై ఐదేళ్ల మనిషిని ఊహించుకుందాం. అంకెలు ఇంటి వంటకు వేసిన ఉజ్జాయింపులు, చెయ్యిని బట్టి మారతాయి.

పొద్దున గిన్నెడు చక్కెర పొంగలి 400, రెండు వడలు 260.
మధ్యాహ్నం సంగటి ముద్ద 300, మాంసం పులుసు 400, చారన్నం 250, మూడు ఓళిగలు 750.
సాయంత్రం రెండు మామిడిపండ్లు 260, చిన్న సీసా కూల్‌డ్రింక్ 110.
రాత్రి బిర్యానీ 700, కోడివేపుడు 300, ఇంకో ఓళిగ 250.

మొత్తం 3,980. అవసరం కన్నా దాదాపు 2,000 ఎక్కువ. ఈ పట్టికలో మాంసం పులుసునీ సంగటినీ తిట్టేవాళ్లే ఎక్కువ, కానీ అవి రెండూ కలిపి 700 మాత్రమే. నాలుగు ఓళిగలు ఒక్కటే వెయ్యి. తీపి, వేపుడు, రాత్రి బిర్యానీ లేకపోయి ఉంటే అది మామూలు పండగ భోజనమే అయ్యేది.

ఒంట్లో కిలో కొవ్వు చేరడానికి సుమారు 7,700 కేలరీలు మిగలాలి. ఆ లెక్కన 2,000 కేలరీలంటే పావు కిలో కొవ్వు, అదీ మిగిలినదంతా కొవ్వుగానే మారితే. నిజానికి కొంత అరుగుదలకే ఖర్చవుతుంది. మాంసకృత్తుల శక్తిలో 20 నుంచి 30 శాతం వాటిని అరిగించుకోవడానికే పోతుంది. పిండిపదార్థాల్లో 5 నుంచి 10 శాతం, కొవ్వులో 3 శాతానికి మించదు.

మరి ఆ రెండు కిలోలు ఎక్కడివి?

పావు కిలో పోగా మిగిలిన కిలో ముప్పావుకి మూడు వాటాదారులున్నారు.

మొదటిది గ్లైకోజెన్. అన్నం, సంగటి, తీపి నుంచి వచ్చిన గ్లూకోజులో కొంత కాలేయంలోనూ కండరాల్లోనూ ఈ రూపంలో నిలవ ఉంటుంది. కాలేయంలో వంద గ్రాములు, కండరాల్లో నాలుగొందల గ్రాములు పట్టవచ్చు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తన వెంట సుమారు మూడు గ్రాముల నీళ్లను అట్టిపెట్టుకుంటుంది. పండగనాడు అదనంగా 200 గ్రాములు నిలవైతే దాంతో 600 గ్రాముల నీళ్లు. అక్కడికే 800 గ్రాములు.

రెండోది ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్ సీసా గుర్తు చేసుకోండి: లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. ఒంట్లోని నీళ్ల ఉప్పదనం కూడా ఇంచుమించు అంతే, శరీరం దాన్ని మారనివ్వదు. ఉప్పు ఎక్కువైతే మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేవరకు దానికి సరిపడా నీళ్లు లోపలే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. పులుసు, వేపుడు, ఊరగాయ, నిప్పట్లు కలిసిన రోజున మామూలు కన్నా మరో 5 గ్రాములు ఎక్కువ పడటం వింత కాదు. ఆ 5 గ్రాములు అరలీటరు పైన నీళ్లు పట్టుకుంటాయి. పొద్దున ఉంగరం బిగుసుకోవడం, కళ్లకింద ఉబ్బు అందుకే.

మూడోది మరీ సాదా సంగతి. తిన్నది ఇంకా పేగుల్లోనే ఉంది. నోటి నుంచి బయటికి పోయేదాకా ఆహారానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. నూనె ఎక్కువైన భోజనం పొట్టలోనే గంటలకొద్దీ అదనంగా కూర్చుంటుంది. ఇక్కడో మూడు నాలుగు వందల గ్రాములు వేసుకుంటే లెక్క సరిపోయింది.

లంఖణం గెలిచినట్టు కనిపించే చోటు

ఆ రెండు కిలోలు చూసి భయపడి ఆ మనిషి ఒకటిన్నర రోజు పస్తుంటాడనుకుందాం. తిండి రాకపోయేసరికి ఒళ్లు గ్లైకోజెన్ వాడుకుంటుంది, నీళ్లు విడుదలవుతాయి, ఉప్పు మూత్రంలో పోతుంది, పేగులు ఖాళీ అవుతాయి. మూడోరోజు తూకం రెండు కిలోలు తగ్గి ఉంటుంది. "చూశావా, లంఖణంతో రెండు కిలోల కొవ్వు కరిగింది!" తగ్గినదాంట్లో కొవ్వు పావు కిలో దాటదు. ఏమీ చేయకుండా మామూలుగా తిన్నా ఆ నీళ్లు మూడు నుంచి అయిదు రోజుల్లో వాటంతట అవే పోయేవి.

తూకం ఇలా రెండుసార్లు మోసం చేస్తుంది. మొదట లేని కొవ్వు చూపించి భయపెడుతుంది, తర్వాత కరగని కొవ్వు కరిగిందని సంతోషపెడుతుంది. రెండో మోసమే ప్రమాదం. ఎందుకంటే వచ్చే పండగకి "ఏముందిలే, మర్నాడు పస్తుంటే పోతుంది" అనే ధీమా అక్కడే పుడుతుంది. రసాల డిటాక్స్‌ల పేరు నిలబడేది కూడా ఈ నీళ్ల మీదే. ఒంట్లో పనికిరానివి వడకట్టే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి. నిమ్మరసం, తేనె కలిపిన వేడినీళ్లు వాటికి అదనంగా చేసే సాయం లేదు. దాహం తీరుస్తాయి, అంతే.

పస్తు మంచిదా, మామూలు తిండి మంచిదా

లంఖణాన్ని కొట్టిపారేయడం మాత్రం న్యాయం కాదు. "లంఖణం పరమౌషధం" అన్నమాట అజీర్తి చేసినవాడి విషయంలో సరిపోతుంది. పొట్టలో నిన్నటి భోజనం ఇంకా ఉండగా ఆకలి లేకపోతే పొద్దున టిఫిన్ మానేయడం అర్థమున్న పనే. మన ప్రాంతంలో శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు లెక్కలేనంత మంది, వాళ్లలో ఆరోగ్యవంతులకు దానివల్ల వచ్చిన చేటు లేదు. గంటలు పెట్టుకుని తినే పద్ధతుల మీద జరిగిన పరిశోధనల్లో బరువు తగ్గడం రోజూ కొంచెం కొంచెం తగ్గించి తినేవాళ్లతో సమానంగానే ఉంటోంది. అంటే పస్తు పనిచేయదని కాదు, దానికి ప్రత్యేకమైన మహిమ లేదని.

తేడా వచ్చేది పస్తు ఎందుకు ఉన్నామన్న దగ్గర. మొక్కుకుని ఉన్న ఒక్కపొద్దు ముగింపు ఫలహారంతో కుదురుగా ఉంటుంది. శిక్షగా వేసుకున్న పస్తు సాయంత్రం ఆరింటికి మిగిలిన బిర్యానీ గిన్నె దగ్గర ముగుస్తుంది. 1975లో హెర్మన్, మాక్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ ఇష్టమున్నంత తినమన్నారు. మామూలు మనుషులు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. నిత్యం తిండి కట్టడి చేసుకునేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇక ఎంతైతే ఏం? దీన్ని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు: నిండా మునిగినవాడికి చలేమిటి.

"ఒక్కరోజుకి ఏమీ కాదు" అనే పక్షానికీ ఒక హద్దుంది. అమెరికాలో 195 మంది పెద్దలను నవంబరు నుంచి జనవరి దాకా పండగల కాలమంతా తూచిన అధ్యయనం 2000లో వచ్చింది. సగటున పెరిగింది 0.37 కిలోలే, వాళ్లు ఊహించుకున్నదాని కన్నా బాగా తక్కువ. కానీ తర్వాతి నెలల్లో అది తిరిగి పోలేదు. సంవత్సరానికి మూడోవంతు కిలో చొప్పున పదేళ్లకు మూడున్నర కిలోలు. ఒకరోజు విందు ఏమీ చేయదన్నది నిజం, దాన్ని వారం సాగదీస్తే నిలిచిపోతుందన్నదీ నిజం.

2,000 కేలరీలు ఎలా సర్దుకుంటాయి

పస్తుతో ఒక్కరోజులో తీర్చాల్సిన బాకీ కాదిది. రోజుకు 250 చొప్పున ఎనిమిది రోజుల్లో తీరుతుంది. 250 అంటే ఏమిటి? పిడికెడు అన్నం తక్కువ, అంటే వంద గ్రాములు 130. తాలింపుల్లో రెండు చిన్న చెంచాల నూనె తక్కువ, సుమారు 90. కాఫీలో రెండు చెంచాల చక్కెర తక్కువ, సుమారు 40. అన్నీ కలిపితే 260. ఆకలి అసలు ఈ తేడాను పసిగట్టదు, అదే దీని బలం.

మొదటి రోజు మాత్రం పొట్ట కుదుటపడటం ముఖ్యం, లెక్కలు కాదు. విందు తిన్న రాత్రి పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే కండరాలు గ్లూకోజును లాక్కుంటాయి, రక్తంలో చక్కెర శిఖరం కొంచెం దిగుతుంది. వెంటనే పడుకుంటే పొట్టలోని పులుపు గొంతులోకి ఎగదన్నుతుంది. రెండు మూడు గంటలు ఆగి, తల కాస్త ఎత్తుగా, ఎడమపక్కకి తిరిగి పడుకున్నవాళ్లకి ఆ బాధ తక్కువ. మంట తగ్గాలని వంటసోడా కలుపుకు తాగేవాళ్లున్నారు. అందులో బరువులో నాలుగోవంతు పైగా సోడియమే, కాబట్టి ఉప్పుతో వచ్చిన ఉబ్బుకి ఇంకొంచెం ఉప్పు చేర్చినట్టే. రక్తపోటు ఉన్నవాళ్లకి ఇది అసలే పనికిరాదు.

మర్నాటికి మన వంటిల్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆకలి వేసినప్పుడు అంబలి: రెండు పెద్ద చెంచాల రాగిపిండి, అంటే 30 గ్రాములు, గ్లాసున్నర నీళ్లలో కాచి, చల్లారాక సగం గ్లాసు పల్చటి మజ్జిగ, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, చిటికెడు ఉప్పు. ఇది 130 కేలరీలు దాటదు, మే ఎండకి కావలసిన నీళ్లూ అందులోనే ఉన్నాయి. మధ్యాహ్నం ఆకుకూర పప్పు, పెద్ద గరిటెడు అన్నం, అంతకు సమానంగా బీరకాయో సొరకాయో కూర, మజ్జిగ. సాయంత్రం గిన్నెడు ఉడికిన అలసందలు, లేదా గుప్పెడు ఉడకబెట్టిన శెనక్కాయలు. రాత్రి ఎనిమిదిలోపు రెండు మూడు ఇడ్లీలు, సాంబారు. పప్పు, గింజలు ఎందుకంటే మాంసకృత్తులు, పీచు ఉన్న భోజనం ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది. వట్టి పండ్లరసంతో గడిపితే పదకొండింటికే చెయ్యి నిప్పట్ల డబ్బాలోకి పోతుంది.

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. జాతర రాత్రులు మెలకువగా గడిపినవాళ్లకి మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదికీ ఉప్పు మీదికీ. "నిన్న అంత తిన్నాను, పొట్ట సాగిపోయింది, అందుకే ఆకలి" అనుకుంటారు. పొట్ట సాగే సంచే, ఖాళీ అయ్యాక తన కొలతకి తాను వచ్చేస్తుంది. ఒక్కరోజుకే సాగి అలాగే ఉండిపోదు.

అసలు దోషి: మిగులు గిన్నెలు

ఒక్కరోజు విందు నాలుగు రోజులు సాగడానికి కారణం మనసు బలహీనత కన్నా ఫ్రిజ్‌లోని గిన్నెలు. ఇరవైమందికి వండిన చోట పదిహేనుమంది తింటారు. మిగిలింది పారేయడం పాపమనిపించి నలుగురూ మూడు రోజులు అదే తింటారు. పైన చెప్పిన 2,000 అదనం ఇలా అయిదారు వేలవుతుంది, పావు కిలో ముప్పావు కిలోకి చేరుతుంది. విందు ముగిసిన రాత్రే ఓళిగలు చుట్టాల చేతికి కట్టిచ్చే ఇంట్లో ఈ సమస్య సగం తీరిపోతుంది. మన పాతకాలపు పంపకాలకి ఇంత లెక్క ఉంది.

ఇంకో సంగతి. నలభై డిగ్రీల ఎండలో వండిన అన్నం, మాంసం గంటకు మించి బయట ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ మరిగించినా చావదు. "ఎక్కువ తిన్నందుకు" అనుకునే వాంతుల్లో కొన్ని నిజానికి ఈ పాడైన అన్నం వల్లే.

కొండెక్కి కరిగించేద్దామా?

తిరుపతిలో ఉండి ఈ ఆలోచన రానివాళ్లు లేరు. అలిపిరి దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, మూడున్నర వేల మెట్లు. ఊరికీ కొండకీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 70 కిలోల మనిషికి ఎక్కడం, నడవడం కలిపి 700 నుంచి 900 కేలరీలు ఖర్చవుతాయని లెక్కగట్టవచ్చు. తక్కువేం కాదు. అయితే పైన చేతికొచ్చే లడ్డూ దాదాపు 175 గ్రాములు. సెనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు కలిసిన దానిలో సుమారు 800 ఉంటాయి. ఒక్కరే తినేస్తే ఎక్కిన కష్టం అక్కడికక్కడే చెల్లు. పదిమందికి పంచితే ప్రసాదం ప్రసాదంగానే ఉంటుంది, ఒక్కొక్కరికీ 80.

కాకపోతే బరువైన భోజనం తిన్న మర్నాడు, నిద్రలేమితో, మే ఎండలో, అలవాటు లేని కాళ్లతో ఎక్కడం గుండె మీద పెద్ద భారం. గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఆ రోజు సాయంత్రం ఊళ్లోనే అరగంట నడక చాలు.

షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు

ఇక్కడ మామూలుగా జరిగే తప్పులు మూడు. మొదటిది, విందు తిన్నామని మాత్ర రెండు వేసుకోవడం. రెండోది దానికి తలకిందులు: మర్నాడు పస్తుండి మాత్ర మాత్రం మామూలుగా వేసుకోవడం. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ రకం మాత్రలు, ఇన్సులిన్ తిండి ఉన్నా లేకపోయినా చక్కెర దించుతాయి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే అది షుగర్ పడిపోవడమే కావచ్చు. అప్పుడు మూడు నాలుగు చెంచాల గ్లూకోజు పొడో చక్కెరో నీళ్లలో కలిపి తాగితే పదిహేను నిమిషాల్లో తేరుకుంటారు. ఇలాంటి మందులు వాడేవాళ్లు ఒక్కపొద్దుకైనా డాక్టరుతో మోతాదు మాట్లాడుకున్నాకే ఉండాలి.

మూడోది సంగటి. "రాగి షుగరుకి మంచిది" అన్న మాట నమ్మి మూడు ముద్దలు తినేవాళ్లున్నారు. రాగిలో కాల్షియం, పీచు ఎక్కువే. కానీ మెత్తగా విసిరిన పిండిని అన్నంతో కలిపి ఉడికిస్తే అది కూడా త్వరగా గ్లూకోజు అవుతుంది. ఒక చిన్న ముద్ద, పక్కన పులగూరో ఆకుకూరో నిండుగా ఉంటే మంచిది, మూడు ముద్దలు మంచిది కాదు. ఒకరోజు విందుకి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పెద్దగా కదలదు. మర్నాటి పరగడుపు అంకె ఒక్కటి పెరిగిందని మందు మార్చుకోనక్కర్లేదు.

"గ్యాసే" అనుకుని ఆగిపోయే ప్రమాదం

విందు తర్వాత ఛాతీలో బరువు, ఎడమచేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చల్లటి చెమటలు కలిసి వస్తే అది గ్యాస్ అని సోడా తాగి కూర్చోవడం ప్రాణం మీదికి తెస్తుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి దూసుకుపోయే ఆగని నొప్పి, వాంతులు క్లోమం వాపుకి గుర్తు కావచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకి నూనె భోజనం తర్వాత కుడిపక్క డొక్కలో పోటు వస్తుంది. ఇవేవీ రేపటిదాకా ఆగే బాధలు కావు, 108కి ఫోన్ చేయాల్సినవి.

పండగ లేకపోయినా జరుగుతుంటే

మొదట చెప్పుకున్న మూడో అర్థం మిగిలింది, ఆపుకోలేక తినడం. జాతరనాడు నలుగురితో కూర్చుని నవ్వుతూ ఎక్కువ తినడం వేరు. ఎవరూ లేనప్పుడు, ఆకలి లేకపోయినా, కడుపు నొప్పెట్టేదాకా గబగబా తిని ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం వేరు. ఇది వారానికి ఒక్కసారైనా, మూడు నెలలపాటు జరుగుతుంటే వైద్యులు దాన్ని ఒక జబ్బుగా లెక్కిస్తారు. కట్టడి పెంచేకొద్దీ ఇది ముదురుతుంది, అంటే లంఖణం ఇక్కడ మందు కాదు, నిప్పుకి గాలి. తిన్నది వేలు పెట్టి కక్కేయడం, విరేచనాల మాత్రలు మింగడం ఉన్నా అంతే. దీనికి మాటల చికిత్సా ఉంది, మందులూ ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఏ వేళైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడవచ్చు.